నగము కదలదు, నాగము దిగివస్తుంది



సంస్కృతంలో కొండకు నగము అని పేరు. ‘న గచ్ఛతి ఇతి నగః’, కదలనిది గనుక నగము. నగమునందు పుట్టినది నాగము అని వ్యుత్పత్తి. ఏనుగు నాగము, పాము నాగము. అమరకోశం శ్రద్ధగా చదివినవారికి ఇంకొక అర్థం కూడా గుర్తుండే ఉంటుంది: సీసము సైతం నాగమే. మన వైద్యుల నాగభస్మం పామును కాల్చిన బూడిద కాదు, సీసపు భస్మం. ఈ నానార్థాలను ఉద్యోగకాలమంతా పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. పదవీ విరమణ చేసిన పిమ్మట ఈ మూడవ నాగమును గురించి తగవుకు దిగవలసి వస్తుందని మాత్రం ఊహించలేదు.

తగవు ఎవరితోనంటే, “పులికాట్ నీళ్లు పరీక్ష చేశారు, అన్నీ పరిమితులలోనే ఉన్నాయి” అని చెప్పి చేతులు దులుపుకొనే పెద్దలతో. “కొండలకేమి కాలుష్యమండీ, కాలుష్యమంతా పట్నాలది” అనే భక్తజనంతో కూడా. ఈ రెండు మాటలూ వేరువేరుగా కనిపిస్తాయి గాని రెండూ కలిసి చేసే పని ఒకటే. కొండ మీద బయలుదేరిన లోహం సరస్సు అడుగుకు చేరే దారిని ఎవరూ తేరిపార చూడకుండా అవి అడ్డు నిలుస్తాయి.

ముందు ఆ దారి చెబుతాను.

పులికాట్‌ను మా వైపు పాతతరం వారు ప్రళయకావేరి అంటారు. స. వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ చదివిన మిత్రులకు ఈ పేరు కొత్త కాదు. చిలక తరువాత దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సముద్రానికీ దీనికీ నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగోడవలె నిలిచి ఉన్నది. పెద్దభాగం మనది, దక్షిణపు కొస తమిళనాడుది. మన భాగాన్ని 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. సముద్రపు పోటుతో ఉప్పునీరు లోపలికి వస్తుంది, వానకాలంలో కొండలనుండి తీపినీరు దిగుతుంది. ఈ రెండింటి కాపురమే పులికాట్.

ఆ తీపినీరు ఎక్కడిది? ఆరణి నది కార్వేటినగరం కొండల్లో పుట్టి, నారాయణవనం మీదుగా పిచ్చాటూరు జలాశయంలో కాస్త ఆగి, సురుటుపల్లి దాటి, ఊత్తుకోట, పొన్నేరి చుట్టి సరస్సు దక్షిణభాగంలో కలుస్తుంది. మావాళ్లు దీనినే అరుణానది అంటారు. కాళంగి కూడా చిత్తూరు సీమ కొండనీళ్లే మోసుకొని సూళ్లూరుపేట పక్కగా వచ్చి సరస్సులో పడుతుంది. స్వర్ణముఖి మాత్రం పులికాట్‌లో కలవదు. అది చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట, వాకాడు దాటి సముద్రంలో కలుస్తుంది. అయినా దాని సంగతి ఈ టపాలో తప్పదు, ఎందుకంటే శేషాచలం కడిగిన నీళ్లు దిగేది దానిలోకే, అది సముద్రాన్ని చేరేది పులికాట్ ఉత్తరపు అంచుకు దగ్గరలోనే. శ్రీకాళహస్తి గుడి కట్టిన కూలీలకు దోసెడు ఇసుక కూలిగా ఇస్తే, ఎవరి కష్టానికి తగ్గట్టు వారికి ఆ ఇసుక బంగారమయ్యేదని స్థలపురాణం. నదిలో లోహముంటుందనే మాట, ఆ లోహం మనం చేసిన పనికి తగ్గట్టే ఉంటుందనే మాట, చూశారా, మనకు పురాణకాలం నుండీ ఉన్నదే.

ఇక్కడ ఒక చిన్న పదచర్చ. సీసం, కాడ్మియం, పాదరసం, క్రోమియం, నికెల్, రాగి, యశదం వంటివాటిని పత్రికలవారు భారలోహాలు అని రాస్తున్నారు. ఆ అనువాదం తప్పు కాదు. కాని శాస్త్రజ్ఞులు వీటిని అత్యల్ప పరిమాణంలో ఉండే లోహాలు అనే అర్థంలో కూడా పిలుస్తారు. దానికి లేశలోహాలు అనవచ్చునని నా ప్రతిపాదన. అచ్చతెలుగే కావాలన్నవారికి ఇసుమంత లోహాలు అనవచ్చు. ఇసుమంటే ఇసుకే గదా! భారం అనగానే జనం బరువును ఊహించుకొని “అంత ఎక్కడుంది” అంటారు. లేశం అంటే దాని ప్రమాదం లేశమాత్రంలోనే ఉన్నదని తెలుస్తుంది. తాగునీటిలో సీసం లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. కాడ్మియానికి 3, పాదరసానికి 1. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షల వంతు. రాగి, యశదం లేశమాత్రంగా మన ఒంటికి కావలసినవే. సీసం, కాడ్మియం, పాదరసాలకు మన దేహంలో ఏ ఉద్యోగమూ లేదు. పిల్లల మెదడు విషయంలో ఇంత సీసమైతే ఫరవాలేదు అనే గీత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది.

లోహానికి మరొక గుణమున్నది, అసలు గొడవంతా దానివలననే. ఆకు కుళ్లుతుంది. పేడ ఎరువవుతుంది. పురుగుమందు కూడా ఆలస్యంగానైనా విరిగిపోతుంది. సీసపు పరమాణువు విరగదు, కుళ్లదు, వృద్ధాప్యం లేదు. అది చోటు మారుతుంది, అంతే. గాలిలో లేకపోతే మట్టిలో, మట్టిలో లేకపోతే నీటిలో, నీటిలో కనబడకపోతే బురదలో, బురదలో నుండి పీతలో, పీతలో నుండి మనలో.

“నీళ్లు పరిమితులలోనే ఉన్నాయి” అనే మాటను ఇప్పుడు పరీక్షిద్దాం. నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు ఇలాంటి పరీక్షలు చేసే పనిలోనే ఉన్నాడు. క్రిందటేడు పండుగకు వచ్చినప్పుడు అడిగాను.

“అయ్యవారూ, మీరు ఊరికే అనుమానపడుతున్నారు. నీళ్లలో సీసం కనబడలేదు.”

“నీళ్లు ఏ నెలలో తీశారు నాయనా?”

“ఏప్రిల్లో అయ్యవారూ.”

“ఎక్కడ తీశారు?”

“పడవలో నుంచి. పైనీళ్లే.”

“బురదో?”

వాడు కాసేపు ఊరకున్నాడు. “బురద అడగలేదు అయ్యవారూ” అన్నాడు.

అదీ సంగతి. పూర్వం మన ఇళ్లలో మడ్డినీళ్లు తేరడానికి చిల్లగింజ అరగదీసి కలిపేవారు. కలిపిన కాసేపటికి మన్ను ముద్దలు కట్టి అడుగుకు దిగేది, పైన తేటనీరు నిలిచేది. నదిముఖాన ఉప్పునీరు చేసే పనీ అదే. కొండమట్టిలోని సన్నని బంకరేణువుల ఒంటికి సీసం, క్రోమియం వంటివి అంటుకొని ప్రయాణం చేస్తాయి. తీపినీటిలో ఆ రేణువులు దూరదూరంగా తేలుతూ వస్తాయి. ఉప్పు తగలగానే ఒకదానికొకటి అతుక్కొని, బరువెక్కి, అడుగుకు కూర్చుంటాయి. కనుక పులికాట్ అంటే ఒక మహా చిల్లగింజ. కొండలనుండి దిగిన మురికిని తేర్చి, పైన తేటనీరు చూపించి, అసలు సరుకును అడుగున దాచుకుంటుంది. మనవాళ్లు వెళ్లి ఆ తేటనీటిని సీసాలో పట్టి ‘నిర్దోషి’ అని తీర్పు చెబుతారు. కుండలో మడ్డి ఎంత ఉందో తెలుసుకోవడానికి పైనీళ్లను చూసే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా?

అందరూ పైనీటిని మాత్రమే చూశారని అనడం అన్యాయం. 2008లో ‘కీమోస్ఫియర్’ అనే అంతర్జాతీయ పత్రికలో పులికాట్ మీద ఒక అధ్యయనం వచ్చింది. అందులో కాడ్మియం, క్రోమియం, సీసాలను నీటిలోనే గాక అడుగుబురదలో, అక్కడ పెరిగే పచ్చని సముద్రపు పాచిలో కూడా కొలిచారు. పద్ధతి అది. విశ్వవిద్యాలయాల వారు పరిశోధన కోసం ఒకసారి చేసే పనిని ప్రభుత్వాలు ఏటేటా ఎందుకు చేసి ప్రజల ముందు పెట్టవన్నదే నా ప్రశ్న.

కాడ్మియం తీరు ఇంకొక రకం. అది ఉప్పునీటిని చూడగానే బంకరేణువును వదిలి, ఉప్పులోని క్లోరైడుతో జతకట్టి మళ్లీ నీటిలో కలిసిపోగలదు. అంటే ఒక్కొక్క లోహానికి ఒక్కొక్క నడక ఉన్నది. ఒక్క సీసాడు నీళ్లతో అన్నింటి జాతకమూ చెప్పబోవడం మూడు రాశుల వారికి ఒకే ఫలితం రాసే పంచాంగంవంటిది.

ఇక కొండల మాట. శేషాచలం 2010లో జీవావరణ పరిరక్షణ మండలమైంది. ఇంత గౌరవమున్న కొండకు లోహం ఎక్కడినుండి వస్తుందని అడిగేవారిని నేను మొదటి ఘాట్‌రోడ్డు దగ్గరకు తీసుకుపోతాను. 1944లో వేసిన దారి అది. 1974లో రెండవది వచ్చిన పిమ్మట ఎక్కడానికి కొత్తదీ, దిగడానికి పాతదీ అయినాయి. దిగే దారిలో 36 మలుపులు. మలుపు మలుపుకూ బ్రేకు నొక్కవలసిందే. బ్రేకు పట్టీలలో రాగి, ఆంటిమొనీవంటి లోహాలుంటాయి. టైరు రబ్బరులో యశదముంటుంది. నొక్కినప్పుడల్లా ఆ పట్టీలు, ఆ టైర్లు పొడిగా రాలుతాయి. పొగ కనిపిస్తుంది గనుక పొగను తిడతాం, ఈ పొడి కనబడదు గనుక దానికి పేరే లేదు. 2022లో తిరుమలకు విద్యుత్ బస్సులు వచ్చాయి. సంతోషం. వాటికి పొగ లేదు, మోటారే కొంత వేగాన్ని పట్టి ఉంచుతుంది గనుక బ్రేకు అరుగుదల కూడా తక్కువ. టైరు మాత్రం అరగక మానదు. అవి కొన్ని బస్సులే, మిగిలిన వేల కార్లు, జీపులు యథాప్రకారమే.

పాతసీసం కథ వేరే ఉన్నది. 2000 ఫిబ్రవరితో దేశమంతటా ఆగిపోయేదాకా పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపి అమ్మేవారు. డీజిలు బస్సులకు అది వర్తించదు. కార్లు, టాక్సీలు, మోటారు సైకిళ్లు ఆ సీసాన్ని దారిపక్క ఊదుకుంటూ పోయాయి. పెట్రోలులో ఆగింది గాని దారిపక్క మట్టికి చేరినది ఆగడమేమిటి, అక్కడే ఉంటుంది. ఉండి ఏం చేస్తుంది? వాన కోసం చూస్తుంది.

2021 నవంబరు 18న తిరుమల మీద కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. కపిలతీర్థం జలపాతం కాదు, నదే అయింది. ఘాట్‌రోడ్ల మీద కొండచరియలు విరిగాయి, తిరుపతి వీధులు కాలువలైనాయి, స్వర్ణముఖి ఒడ్లు కోసుకుంది. టీవీలవారు నీళ్లను చూపించారు. నీళ్ల రంగును ఎవరైనా గమనించారా? ఎర్రని ఆ రంగు కొండ చర్మం. ఏళ్ల తరబడి దారిపక్క పేరుకున్నది ఒక్క పూటలో దిగిపోయేది అటువంటి రోజునే. ఏడాదిలో దిగే మట్టిలో పెద్దవంతు నాలుగైదు వరదరోజుల్లోనే దిగుతుందని నదుల చదువు చదివిన ఎవరైనా చెబుతారు. నమూనాలు తీసేది మాత్రం ఎండాకాలంలో, నీరు నిలకడగా, జీపు పోవడానికి బాట ఆరి ఉన్నప్పుడు. దొంగ వచ్చిపోయిన తరువాత కాపలా కాసినట్టున్నది ఈ వ్యవహారం.

“అది స్వామివారి కొండ, ఆ తీర్థాలకు పాపాన్నే కడిగే శక్తి ఉండగా ఈ లోహాలొక లెక్కా” అని నా పాత టపా ఒకదానికి ఒక మిత్రుడు వ్యాఖ్య రాశారు. ఆయన భక్తిని నేను ఆక్షేపించను, నేనూ నడిచి కొండెక్కిన వాడినే. కాని శాస్త్రం పేరు చెప్పి శాస్త్రవిరుద్ధం మాట్లాడితే ఊరుకోవడం పండితధర్మం కాదు. నీటిలో మలమూత్రాలు గాని, ఉమ్మి గాని, విషం గాని వేయరాదని మనుస్మృతి నాలుగవ అధ్యాయం నిషేధించింది. తీర్థం దానంతట అదే కడుక్కుంటుందని అనుకొని ఉంటే ఆ నిషేధమే అవసరం లేదు. మన రసశాస్త్రకారులైతే నాగమును ముట్టుకోవడానికే భయపడ్డారు. శోధన చేయాలి, మారణ చేయాలి, ఆ సంస్కారాలు పూర్తికాని నాగం రోగాలు తెస్తుందని గట్టిగా హెచ్చరించారు. పాపవినాశనం పాపాన్ని నశింపజేయవచ్చు. సీసం పాపం కాదు, మూలకం.

తీర్థాల పేరుతోనే మరొక సంగతి. దేవస్థానం వారు హుండీ ఆదాయం ఎంతో ప్రకటిస్తారు, ఎన్ని లడ్డూలు అమ్మారో, ఎందరు తలనీలాలు ఇచ్చారో చెబుతారు. లెక్క చెప్పడంలో వారిని మించినవారు లేరు. ఆ లెక్కల్లోనే ఏడాదికొకసారి గోగర్భం, పాపవినాశనం జలాశయాల అడుగుబురదలో సీసమెంత, రాగి ఎంత అనే రెండు వరుసలు చేర్చడానికి అడ్డేమిటి?

ఇక్కడ కరకంబాడి ప్రస్తావన రాక తప్పదు. శేషాచలం పాదాన, రేణిగుంట పక్కన ఉన్న అమరరాజా బ్యాటరీల కర్మాగారానికీ, చిత్తూరు వైపున్న దాని సోదర కర్మాగారానికీ 2021 ఏప్రిల్ 30న కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఉత్తర్వులిచ్చింది. సీసం ఉన్నదని మండలి అన్నది, నిబంధనలన్నీ పాటిస్తున్నామని సంస్థ అన్నది. మే మొదటివారంలోనే హైకోర్టు ఆ ఉత్తర్వుల అమలును నిలిపివేసింది. ఆ తగాదాలో న్యాయనిర్ణయం నా పని కాదు. ఆ నెలల్లో మనం ఏం మాట్లాడుకున్నామో అది గుర్తు చేయడమే నా పని. సగంమంది ఏ పార్టీ వారి కర్మాగారమో మాట్లాడారు. మిగిలిన సగం ఎన్ని వేల ఉద్యోగాలో మాట్లాడారు. రెండూ మాట్లాడవలసిన విషయాలే. కాని చుట్టుపక్కల చెరువుల బురదలో పదేళ్ల క్రితం సీసం ఎంత ఉండేది, ఇప్పుడెంత ఉన్నది అనే అంకె ఒక్కటి ప్రజల చేతిలో ఉంటే ఆ వాదం నాలుగు రోజుల్లో తేలేది. ఉన్నదంటే సంస్థ తలవంచేది, లేదంటే ప్రభుత్వం తలవంచేది. అంకె లేనిచోట గొంతు పెద్దదైనవాడే గెలుస్తాడు.

అంతకు నాలుగైదు నెలల ముందే, 2020 డిసెంబరులో, ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. వందల మంది ఆసుపత్రి పాలైనారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు. తరువాత వేరే సంస్థలవారు పురుగుమందుల వైపు వేలు చూపారు. రాష్ట్రమంతా ఒక వారంపాటు సీసం, నికెల్ అనే మాటలు జపించింది. రెండవ వారానికి మరచిపోయింది. మనకు లోహం గుర్తుకు రావాలంటే ఎవరైనా వీధిలో పడిపోవాలి కాబోలు.

అసలు లోహపు పద్ధతి అది కాదు. అది వీధిలో పడవేయదు. కాడ్మియం మూత్రపిండంలో చేరి పది, ముప్పై ఏళ్లు కదలకుండా కూర్చుంటుంది. సీసం సున్నంలా నటించి ఎముకలోకి దూరుతుంది. దీనికి కొండా పల్లమూ సాక్షిగా ఒక కథ జపాన్‌లో జరిగింది. కమియోక అనే కొండప్రాంతంలో యశదం, సీసం గనులుండేవి. ఆ కొండలనుండి జింజు అనే నది తొయామ మైదానంలోకి దిగుతుంది. గనుల వ్యర్థాలలోని కాడ్మియం నదిలో పడి, వరిమళ్లలో చేరి, అన్నంలో కూర్చున్నది. ఎముకలు పెళుసై, దగ్గితే విరిగే స్థితికి వచ్చిన పల్లెటూరి స్త్రీలు ‘ఇతాయి, ఇతాయి’ అని ఏడ్చేవారట. నొప్పి, నొప్పి అని దాని అర్థం. రోగానికి ఆ ఏడుపే పేరైంది. 1968లో గాని అక్కడి ప్రభుత్వం దానికి కాడ్మియమే కారణమని ఒప్పుకోలేదు. పాడైన పొలాల మట్టిని మార్చే పని 2012 దాకా సాగింది.

ఆ కథలో నాకు నచ్చిన ఘట్టం నష్టపరిహారం కాదు. 1972లో న్యాయస్థానంలో గెలిచినప్పుడు ఆ రైతులు కంపెనీతో ఒక ఒప్పందం రాయించుకున్నారు: తాము కోరినప్పుడు, తమకు నచ్చిన నిపుణులను వెంటబెట్టుకొని గనిలోకి వెళ్లి తనిఖీ చేసే హక్కు. ఆ తనిఖీలు ఏటేటా జరుగుతూ వచ్చాయి. పల్లం వారు కొండెక్కి లెక్క అడిగారన్నమాట. పులికాట్ పట్టపువారు, యానాదులు ఏ కొండెక్కి ఎవరిని లెక్క అడగాలి?

దేశం దాటనక్కరలేదన్నవారికి కొడైకెనాల్ ఉన్నది. సముద్రమట్టానికి రెండువేల మీటర్ల పైన, షోలా అడవి అంచున, పాదరసంతో ఉష్ణమాపకాలు చేసే కర్మాగారం నడిచి, పాదరసం అంటిన గాజుపెంకులు ఊళ్లో పాతసామానుల కొట్టులో బయటపడిన పిమ్మట 2001లో మూతపడింది. మాజీ కార్మికులతో పరిహారపు ఒప్పందం కుదిరింది 2016లో. అక్కడి మట్టిని శుభ్రం చేయడానికి కిలోకు 20 మిల్లీగ్రాముల పాదరసం మిగలవచ్చునని ప్రమాణం పెడితే, ఇంతకన్న కఠినమైన ప్రమాణం కావాలని స్థానికులు, పర్యావరణవాదులు ఏళ్ల తరబడి పోరాడారు. గమనించండి, అక్కడ తగవు నీటి గురించి కాదు, మట్టి గురించి. వారు సరైన ప్రశ్న దగ్గరకు వచ్చారు. మనమింకా సీసాలో నీళ్లు పట్టుకొని నిలబడి ఉన్నాం.

నేను పరిశ్రమలకు శత్రువునని ఎవరూ అనుకోవద్దు. నగరి, పుత్తూరు, నారాయణవనం వైపు మరమగ్గాల మీదా, అద్దకం మీదా బతికే కుటుంబాల పిల్లలకు చదువు చెప్పినవాణ్ణి. అద్దకపు రంగునీళ్లు కుశస్థలిలో కలుస్తున్నాయని ఏళ్ల తరబడి పత్రికలలో వస్తూనే ఉన్నది. కొన్ని రంగులలో రాగి, క్రోమియం ఉంటాయన్నది నిజమే. కాని ఇంటి వెనుక రెండు తొట్లు పెట్టుకొని నూలు ముంచే మనిషిని పట్టుకొని శుద్ధియంత్రం కట్టుకోమనడం హాస్యం. అందరికీ కలిపి ఒక శుద్ధికేంద్రం కట్టవలసింది ప్రభుత్వం. సత్యవేడు, వరదయ్యపాళెం ప్రాంతంలో 2008లో మొదలైన శ్రీసిటీ వంటి పెద్దవాటి విషయం వేరు. వాటికి స్తోమత ఉన్నది, నిపుణులున్నారు. ప్రహరీ బయట పారే వాగు బురదలో లోహమెంతో ఆరునెలలకొకసారి గేటు మీద తెలుగులో రాసిపెట్టమంటే వాటికి వచ్చే నష్టమేమీ లేదు. సరస్సు దక్షిణపు వైపు మరొక తలనొప్పి: బకింగ్‌హాం కాలువ పులికాట్‌ను ఎన్నూరుతో కలుపుతుంది. అక్కడ థర్మల్ కేంద్రాల బూడిద ఉన్నది. 2023 డిసెంబరులో తుపాను వరదతోపాటు చమురు కూడా ఎన్నూరు కయ్యలోకి పారింది. అది తమిళనాడు సంగతి అని మనం ఊరుకుంటే, ఆరణి సంగతి ఆంధ్ర వారిదని వారు ఊరుకుంటారు. ఒకే నది రెండు రాష్ట్రాల ఉదాసీనతలను మోసుకొస్తున్నది.

ఒకప్పుడు మన అధికారులకు ఒక సాకు ఉండేది: తిరుమల చిత్తూరు జిల్లా, పులికాట్ నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట ప్రాంతాన్ని కొత్త తిరుపతి జిల్లాలో కలిపిన రోజుతో ఆ సాకు చెల్లిపోయింది. శేషాచలమూ, పులికాట్ మన భాగమూ ఒకే కలెక్టరు గారి బల్ల మీదకు వచ్చాయి. కొండ మీద జలాశయం, కపిలతీర్థం కోనేరు దిగువ, పిచ్చాటూరు జలాశయం అడుగు, కాళంగి సూళ్లూరుపేట వంతెన, ఆ వంతెన దిగువన సరస్సులో రెండు మూడు చోట్లు. వరద తగ్గిన వారంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి బురద తీయాలి. దానితోపాటు పీత కొవ్వు, ఆలిచిప్పల కండ కూడా పరీక్షించాలి, ఎందుకంటే నీరు దాచినదాన్ని అవి దాచవు. ఈపాటి పనికి రాకెట్ విజ్ఞానం అక్కరలేదు, అది కావలసినా శ్రీహరికోటలోనే ఉన్నది!

2001 నుండి సూళ్లూరుపేటలో ఫ్లెమింగోల పండుగ చేస్తున్నారు. పందిళ్లు, పాటలు, మంత్రులు. ఆ పక్షి తలక్రిందుగా ముక్కు పెట్టి బురదనీటిని వడకట్టుకొని తింటుంది. ఎన్ని పక్షులు వచ్చాయో లెక్కపెడతాం, అవి తినే బురదలో ఏమున్నదో మాత్రం ఆ పండుగలో ఎవరూ చెప్పరు. మోకాటి లోతు బురదలో చేతులు పెట్టి రొయ్యలు ఏరుకునే యానాది స్త్రీలకైతే పండుగా లేదు, లెక్కా లేదు.

ఇంత తొందరగా ఈ టపా రాయడానికి కారణం ముఖద్వారాల పూడికతీత. సరస్సుకూ సముద్రానికీ నడుమ దారులు ఇసుకతో మూసుకుపోతున్నాయి, వాటిని తవ్వాలని మత్స్యకారులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. న్యాయమైన కోరిక, తవ్వవలసిందే. ముఖద్వారం దగ్గర ఉన్నది చాలావరకు ఇసుక, దానితో భయం తక్కువ. లోపలికి పోయేకొద్దీ కుళ్లిన గుడ్డు వాసన వేసే నల్లబురద వస్తుంది. గాలి సోకనంతకాలం అందులోని గంధకం లోహాలను కట్టివేసి ఉంచుతుంది. తవ్వి గట్టున పోసి ఎండబెడితే ఆ కట్టు తెగుతుంది, ఆమ్లం పుడుతుంది, లోహం మళ్లీ నీటిదారి పడుతుంది. కనుక తవ్వేముందే ఆ నల్లబురదను పరీక్షకు పంపారా, తవ్వినదాన్ని ఏ ఊరి పక్కన పోస్తారు అనే రెండు ప్రశ్నలకు టెండరు కాగితాల్లోనే సమాధానముండాలి.

సూళ్లూరుపేట, తడ, వాకాడు వైపు మిత్రులలో ఎవరైనా ఈ విషయమై సమాచారహక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి జవాబు తెచ్చుకొని ఉంటే, ఆ జవాబును ఈ టపా కింద వ్యాఖ్యగా ఉంచ ప్రార్థన. పెట్టనివారి కోసం దరఖాస్తు నమూనా ఒకటి తెలుగులో రాస్తున్నాను, ఆదివారంలోగా ఇక్కడే ఉంచుతాను.